పాత లాప్‌టాప్ పోయే టైమొచ్చింది: విండోస్‌లనే ఉందామా, మ్యాక్‌కు పోదామా?

నమస్తే అందరికి. హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. ఈ మధ్య చౌరస్తా దిక్కు పోయినా, కాజీపేట దిక్కు పోయినా ఒకటే ముచ్చట. "అన్నా, లాప్‌టాప్ పాతదైంది, విండోస్ 10 బందైందట, ఈసారి మ్యాక్ తీసుకొమ్మంటున్నరు, తీసుకోవాల్నా?" ఆ మాట అయిపోకముందే పక్కకెల్లి ఇంకో పోరడు "ఏం కొనుడు అక్కర్లేదు, లైనక్స్ ఎక్కిస్తె ఉరుకుతది" అంటడు. లైనక్స్ అంటె విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్. ఇద్దరు చెప్పేది అబద్ధమేం కాదు. కాని నువ్వు దాని మీద చేసే పనేంది అని మాత్రం ఒక్కడు అడగడు.

ముందు ఈ బందైన సంగతి తెగ్గొట్టి పోదాం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది. మిషన్లు ఆ రోజు ఆగిపోలేదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగినయి. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నోళ్ళకు 2026 అక్టోబర్ 13 దాకా గడువిచ్చిండ్రు. విండోస్ 11 కావాల్నంటె మిషన్‌ల టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితె దాదాపుగ 8వ తరం నుంచి మొదలు. 2016ల కొన్న ఐ5 లాప్‌టాప్‌లు 7వ తరమో అంతకంటె పాతవో ఉంటయి, అవి విండోస్ 11 లిస్టుల లేవు. షాపాయన ఏదో చేసి ఎక్కిస్త అంటడు. ఎక్కుతది గూడ. బ్యాంకు పని, జీఎస్టీ పని చేసే మిషన్ మీద గట్ల ఎక్కించుడు నాకైతె ఇష్టం లేదు.

ఇగ అసలు ముచ్చట. మాకు తెలిసిన అన్న ఒకాయన డీటీపీ చేస్తడు, అంటె కంప్యూటర్‌ల కార్డులు, కరపత్రాలు తయారుచేసే పని. పెండ్లి కార్డులు, దశదిన కర్మ కార్డులు, ఎలక్షన్లొస్తె కరపత్రాలు, బతుకమ్మకు, జాతరకు ఫ్లెక్సీలు. ఆయన బిడ్డ బీటెక్ సీఎస్‌ఈల చేరింది. "డాడీ, మ్యాక్ కొను, మస్తు ఏండ్లు వస్తది, నేను గూడ వాడుకుంట" అని పట్టువట్టింది. ఆయన వచ్చి ఏం చేద్దాం అనడిగిండు.

నేను లాప్‌టాప్ మోడల్ అడగలేదు. ఫోల్డర్లు చూపియ్యమన్న. డి డ్రైవ్‌ల పెండ్లి కార్డుల ఫోల్డర్, దాంట్ల ఊర్ల పేర్లు: పరకాల, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్. ఊరి కింద ఇంటిపేర్లు. పెద్దబిడ్డ పెండ్లికి ఈయన దగ్గర కార్డు కొట్టిచ్చిన ఇల్లు, చిన్నోడి పెండ్లికి మళ్ళ ఈయన దగ్గరికే వస్తది. "అప్పటి కార్డే తియ్యి తమ్మీ, పేర్లు, ముహూర్తం మార్చు చాలు" అంటరు. గోత్రం, పెద్దమనుషుల వరస, ఎవరి పేరు ముందు రావాలె, ఎవరి పేరు కింద రావాలె, అన్నీ ఆ పాత ఫైల్‌ల కుదిరి ఉంటయి. మేనమామ పేరు ఒక లైన్ కిందికి పోతె ఆ పెండ్లిల ఎంత లొల్లి ఐతదో మీకు తెల్వంది కాదు. ఆయన ఆస్తంత ఆ ఫైళ్ళే. లాప్‌టాప్ దేముంది, ఇయ్యాల కాకపోతె రేపు కొంటడు.

ఆ ఫైళ్ళన్ని పేజ్‌మేకర్ అనే పాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌ల ఉన్నయి, అక్షరాలు అను ఫాంట్లు. జర ఓపిక పట్టండి, ఇది తెలిస్తె సగం లెక్క తేలుతది. అను ఫాంట్‌తోని కొట్టింది తెలుగు అని కంప్యూటర్‌కు తెల్వదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే గదులల్ల తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టిండ్రు. ఫైల్‌ల దాచేది ఆ ఇంగ్లిష్ గుర్తులనే, ఫాంట్ వచ్చి వాటిని తెలుగు లెక్క చూపెడతది. ఫాంట్ లేని మిషన్‌ల తెరిస్తె "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన కాడ కొమ్ములొచ్చిన ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు కనబడతయి. యూనికోడ్ గట్ల కాదు. అండ్ల ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబర్ ఉన్నది. వాట్సప్‌ల మనం కొట్టే తెలుగు అదే. విండోస్‌ల కొట్టి మ్యాక్‌ల తెరిచినా, ఫోన్‌ల తెరిచినా తెలుగు తెలుగే.

కాబట్టి మీ పాత పనంత యూనికోడ్‌ల, పీడీఎఫ్‌ల, గూగుల్ డ్రైవ్‌ల ఉంటె మీరు ఎటు పోయినా నష్టం లేదు. అనుల, పేజ్‌మేకర్‌ల ఇరుక్కొని ఉంటె మాత్రం ఆగి ఆలోచన చెయ్యాలె. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001ల. దాని తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా మన ప్రింటింగ్ ప్రెస్సులల్ల ఇప్పటికీ నడుస్తున్నదంటె, విండోస్ 11 గూడ పేజ్‌మేకర్ లాంటి పాత 32-బిట్ రకం సాఫ్ట్‌వేర్‌ను నడవనిస్తున్నది కాబట్టి. యాపిల్ మ్యాక్‌లల్ల 2019ల కాటలీనా అనే వెర్షన్‌తోనే 32-బిట్‌ను బంద్ పెట్టింది. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌ల తెరుద్దామంటె, దాని సీఎస్6 వెర్షన్ దాకనే పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకున్నయి, ఇప్పటి వెర్షన్లల్ల తెరుచుకోవు.

"మ్యాక్‌ల విండోస్ వేసుకోవచ్చు కద" అంటరు. ఇంటెల్ మ్యాక్‌లు ఉన్నప్పుడు దానికోసం బూట్ క్యాంప్ అని ఉండె. 2020 నవంబర్‌ల యాపిల్ సొంత చిప్ ఎమ్1 వచ్చింది, ఆ సొంత చిప్‌ల మీద బూట్ క్యాంప్ లేదు. ప్యారలల్స్ లాంటిది కొని లోపల విండోస్ నడపొచ్చు, కాని అది ఆర్మ్ విండోస్, అంటె ఇంటెల్, ఏఎమ్‌డీ కాకుండ వేరే రకం చిప్‌ల కోసం చేసిన విండోస్. మామూలు సాఫ్ట్‌వేర్లను అది అనువాదం చేసుకుంట నడుపుతది. డ్రైవర్ల కాడికి, అంటె ప్రింటర్ లాంటివాటిని కంప్యూటర్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ కాడికి వచ్చేసరికి ఆగిపోతది. ఎందుకంటె డ్రైవర్‌ను అనువాదం చెయ్యరాదు, ఆర్మ్ కోసం ప్రత్యేకంగ రాసిందే కావాలె. మీ పాత ప్రింటర్, వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్... వీటికి ఆర్మ్ డ్రైవర్ ఉన్నదా అని కొనేకంటె ముందే అడగాలె. మీసేవ నడిపేటోళ్ళు, ఆడిటర్ ఆఫీసులల్ల పనిచేసేటోళ్ళు ఈ ముక్క రెండుసార్లు వినండి. ట్యాలీ గూడ విండోస్ కోసం తయారైందే.

ఇదే తిప్పలు విండోస్ లాప్‌టాప్‌లల్ల గూడ దాక్కొని ఉన్నది. 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌ల లాప్‌టాప్‌లు వస్తున్నయి. బ్యాటరీ బాగ వస్తది, వేడి తక్కువ, పైకి చూస్తె మామూలు విండోస్ లాప్‌టాపే. లోపల ఆర్మ్. నేను విండోస్ నుంచి ఎటు పోలేదు అనుకుంటనే మీరు ఇంకో ప్లాట్‌ఫామ్‌కు పోయినట్టు. షోరూంల పిల్లగాడు ఈ సంగతి చెప్తడని నేనైతె అనుకోను. కీబోర్డ్ పక్కన స్టిక్కర్ మీరే చదవండి.

అట్లని నేను మ్యాక్‌కు వ్యతిరేకం కాదు. కోడింగ్ నేర్చుకునే పిల్లలకు మంచి మిషన్. ఎమ్4 మ్యాక్‌బుక్ ఎయిర్ 2025 మార్చిల 99,900కు వచ్చింది, మొదటి మోడల్‌లనే 16 జీబీ ర్యామ్ ఇచ్చిండ్రు, స్టూడెంట్లకు ధర ఇంకా తక్కువ పెట్టిండ్రు. కాని ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, తర్వాత పెంచుకునుడు ఉండది. బోర్డు పోతె మన ఊర్లె విప్పి బాగుచేసేటోళ్ళు దొరుకుడు కష్టం, హైదరాబాద్ పోవాల్నంటె 150 కిలోమీటర్లు. ఇగ మీ పిల్లలు సివిల్ల, మెకానికల్ల ఉంటె ఆలోచననే వద్దు. వాళ్ళు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు స్టాడ్ ప్రో, రెవిట్, ఈట్యాబ్స్, సాలిడ్‌వర్క్స్ అన్నీ విండోస్‌వే. నిట్‌ల సీటు వచ్చిందని మురిసి ముందే మ్యాక్ కొనకండి, ఏ బ్రాంచో చూసి కొనండి.

లైనక్స్ సంగతి. కొత్తది కొనే ముందు ఒక పెన్‌డ్రైవ్‌ల లైనక్స్ మింట్ వేసి, పాత లాప్‌టాప్‌ను దాంతోని ఆన్ చేసి చూడండి. హార్డ్ డిస్క్ ముట్టకుండనే నడుస్తది. వైఫై పడుతున్నదా, సౌండ్ వస్తున్నదా అప్పుడే తెలిసిపోతది. బ్రౌజర్, యూట్యూబ్, ఉత్తరాలు కొట్టుకునుడు వరకైతె ఏం ఢోకా లేదు. అనుల యాపిల్ లేఅవుట్‌కు (ఏ మీట కొడితె ఏ అక్షరం వస్తదో ఆ పద్ధతి, యాపిల్ కంపెనీ ముచ్చట కాదు) అలవాటు పడ్డ ఆపరేటర్లకు ఒక మాట: లైనక్స్‌ల తెలుగు కొట్టనిచ్చే సాఫ్ట్‌వేర్లు ఐబస్, ఎమ్17ఎన్ వేసుకుంటె తెలుగు కింద యాపిల్ అని ఒక లేఅవుట్ కనబడతది, అది కొట్టేది యూనికోడ్. మీ వేళ్ళకు కుదురుతదా ఒక పేజీ కొట్టి చూస్కోండి. ప్రింటర్ కాడ మాత్రం జాగ్రత్త. జిరాక్స్ షాపులల్ల ఎక్కడ చూసినా కనబడే క్యానన్ ఎల్‌బీపీ 2900 లైనక్స్‌ల పనిచెయ్యాల్నంటె చుక్కలు చూపెడతది. హెచ్‌పీవి చాలా మట్టుకు సుతారంగ నడుస్తయి.

మరి ఆ అన్నకు ఏం చెప్పిన? షాపుకు ఇంటెల్‌దో ఏఎమ్‌డీదో విండోస్ 11 లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్‌తోని. ఆ మ్యాక్ కంటె తక్కువకే దొరుకుతది. మిగిలిన పైసలకు కొంచెం కలిపి బిడ్డకు మ్యాక్ కొంటరా, అది వాళ్ళింటి లెక్క, నేను మధ్యల రాను. కొత్తగ వచ్చే కార్డులు మాత్రం ఇప్పటి నుంచి యూనికోడ్‌ల కొట్టమన్న. పాతవన్ని కూసొని మార్చుడు వద్దు, అది తెగే పని కాదు. ఏ ఇంటోళ్ళు మళ్ళ వస్తె ఆ ఇంటి కార్డు అప్పుడు మార్చుకుంటె సరిపోతది, మార్చినంక పేర్లు అక్షరం అక్షరం చదవాలె, కన్వర్టర్లు వొత్తుల కాడ తప్పు చేస్తయి.

పాత లాప్‌టాప్ ఎక్స్ఛేంజ్‌ల ఇచ్చేస్త అన్నడు. వద్దన్న. దానికి వచ్చేది ఎంత! డి డ్రైవ్ అంత బయటి హార్డ్ డిస్క్‌కు కాపీ కొట్టి, ఇంటర్నెట్ పీకేసి, పేజ్‌మేకర్, అను ఎట్లున్నయో అట్లనే ఉంచి షాపుల ఒక మూలకు పెట్టమన్న. కొత్త దాంట్ల పాత ఫైల్ ఏదన్న తెరుచుకోక మొరాయించిందనుకో, దాన్ని ఆన్ చేసి తీసుకోవచ్చు.