నాన్న వీలునామాకు సాక్షి దొరికారు!

అందరికీ నమస్కారం. 2024 జనవరి, చెన్నై టీ నగర్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. నెల్లూరు నుంచి పిన్ని ఒకటే అడుగుతోంది, "మీ నాన్న వీలునామా రాసే పోయాడు కదే, మళ్ళీ కోర్టెందుకు?" అని. పిన్నీ, ఈ వీడియో నీ కోసమే.

మన నెల్లూరులో ఇల్లయితే కోర్టు మెట్లెక్కే పని ఉండకపోను. ఇది చెన్నై నగరం. 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్‌లో ఈ 2024 జనవరి నాటికి ఉన్న రూలు ప్రకారం మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో స్థిరాస్తి ఉండి, హిందువులు వీలునామా రాస్తే, అది అసలుదేనని కోర్టు తేల్చి ప్రొబేట్ ఇవ్వాలి. ఆ మూడూ బ్రిటిష్ వాళ్ళ ప్రెసిడెన్సీ నగరాలు మరి.

నాన్న తెలుగులో రాశారు, కాబట్టి హైకోర్టుకు ఇంగ్లీషు అనువాదం చేయించాం. అది సులువుగానే అయింది. టెన్షనంతా సాక్షుల దగ్గరే. సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకరైనా అఫిడవిట్ ఇవ్వాలన్నారు లాయర్ గారు. ఒకాయన పోయారు. రెండో ఆయన, ఎదురింటి మామయ్య, ఇల్లమ్మి ఎటో వెళ్ళిపోయారు. పదకొండు రోజులు వెతికాం. చివరికి మా వీధి ఇస్త్రీ బండి అన్న చెప్పాడు, అంబత్తూరులో కొడుకు దగ్గర ఉన్నారని! ఆ అన్న నన్ను స్కూలు యూనిఫాంలో చూసినవాడు. ఇప్పటికీ "పాపా" అనే పిలుస్తాడు.

మాకు అమెరికాలో ఈ వెతుకులాట ఉండదు. మేముండే టెక్సస్‌లో ఇదే పనికి ఎస్టేట్ ప్లానింగ్ అటార్నీలు ఉంటారు. కిందటేడు మా ఇద్దరి వీలునామాలకూ 1,500 డాలర్లు తీసుకున్నారు. డాలరు 83 రూపాయల లెక్కన 1,24,500. సాక్షులు సంతకం పెట్టినప్పుడే నోటరీ ముందు ప్రమాణం కూడా చేయించి, ఆ కాగితాన్ని వీలునామాకు జత చేస్తారు. రేపు మేం పోయాక పిల్లలు ఆ సాక్షుల కోసం తిరగక్కర్లేదు. అరగంటలో అయిపోయింది. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఈరోజు నందనంలో మెట్రో ఎక్కి హైకోర్టు స్టేషన్‌లో దిగాం. ఎర్రటి ఆ భవనాన్ని బయటి నుంచే చూపిస్తున్నాను. 1892లో కట్టింది. చిన్నప్పుడు బస్సులో ఇటు వస్తే నాన్న ప్రతిసారీ వేలు పెట్టి చూపించేవారు. సరే, లాయర్ గారి ఆఫీసు పక్క సందులోనే.

వీలునామా అంతా నల్ల సిరా, నాన్న సంతకం మాత్రం నీలం. ఎవరైనా అభ్యంతరం పెడతారేమోనని లాయర్ గారికి మొదటి నుంచీ అనుమానం. మామయ్య కాగితం చూడగానే, "మీ నాన్న పెన్ను ఆగిపోతే నాది తీసుకున్నాడమ్మా. తర్వాత మేమిద్దరం కూడా దాంతోనే పెట్టాం" అన్నారు. నిజమే, మూడు సంతకాలూ నీలమే! అన్నేళ్ళ కిందటి పెన్ను ఆయనకు గుర్తుంది.

తర్వాత కాఫీ తాగుతూ అడిగారు, "మరి మీ వీలునామాకు సాక్షులెవరమ్మా?"

అటార్నీ ఆఫీసులో పనిచేసేవాళ్ళు. పేర్లు గుర్తు లేవు మామయ్యా, అన్నాను.