పుష్యమాసంలో ఫ్యాను

శ్రోతలకు నమస్కారం.

విశాఖలో చలి అంటే లంబసింగి వాళ్లు నవ్వుతారు. వాళ్లు పొగమంచులో నెగడు వేసుకుని కూర్చునే వేళకు మనం మఫ్లరు చుట్టుకుని బీచ్ రోడ్డులో నడుస్తూ ఉంటాం. అయినా మన చలి మనకు చలే. అలాంటి చలిలో, కిందటేడు పుష్యమాసంలో, రాత్రి రెండు గంటలకు మా వదిన ఫ్యాను వేసింది.

వదిన వయసు 49. ఉండేది సీతమ్మధారలో. ఫ్యాను తిరగగానే మా అన్నయ్య ముసుగులోంచి "చలికాలంలో ఫ్యాను ఏమిటే?" అన్నాడు. ఆపేసింది. కాసేపటికి తడిసిన జాకెట్టు ఒంటికి అంటుకుని వణుకు మొదలైంది. రగ్గు కప్పుకుంది. గంట గడిచేసరికి గుండెల దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకింది. మళ్లీ ఫ్యాను. మళ్లీ "చలికాలంలో ఫ్యాను ఏమిటే?" నాలుగో రోజుకు చాప తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది. బీపీ అనుకుందట, గుండె జబ్బనుకుందట. ఎవరికీ చెప్పలేదు.

భోగినాడు బయటపడింది. మంట చుట్టూ అందరం చేతులు కాచుకుంటున్నాం. వదిన ముఖం కందగడ్డలా ఎర్రబడింది. కొంగుతో విసురుకుంటూ దూరంగా మెట్ల మీద కూర్చుంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. 30 ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని, పైగా ఆ సెగ నాకూ వచ్చి వెళ్లింది. పక్కన కూర్చుని "నెలసరి ఎలా ఉంది వదినా?" అన్నాను. "ఆగి ఏడు నెలలైంది, ఇప్పుడా మాట ఎందుకు?" అంది.

ఎందుకంటే అదే అసలు మాట. మన మెదడులో ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే చిన్న భాగం ఒకటుంది, హైపోథాలమస్ అంటారు. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గేసరికి దానికి ఉలుకు ఎక్కువవుతుంది. వేడి ఏ కాస్త పెరిగినా ఒళ్లు కాలిపోతోందని కంగారుపడి, చర్మంలో రక్తనాళాలను వెడల్పు చేసి, చెమట పట్టిస్తుంది. కొద్ది నిమిషాల్లో సెగ పోతుంది, తడి ఒంటికి చలి మిగులుతుంది. ఇక బిగించిన కిటికీలు, మందపాటి రగ్గు, పడుకోబోయే ముందు వేడివేడి కాఫీ తోడైతే, ఉలికిపడే మనిషిని వెనక నుంచి తట్టినట్టే.

ముందు డాక్టరుకు చూపించాం. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా ఇలాగే చెమటలు పడతాయి కాబట్టి ఆ పరీక్ష చేయించారు, బీపీ చూశారు. రెండూ బాగున్నాయి. హార్మోన్ల చికిత్స బాగా పనిచేస్తుంది. అయితే రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. అది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. వదిన అప్పటికి వద్దనుకుంది.

మరి ఏం చేశాం? రగ్గు మార్చాం. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ రగ్గు గురించే. మెరిసే సింథటిక్ రగ్గు, మీద పులిబొమ్మ. వెచ్చగా ఉంటుంది, చెమటను మాత్రం పీల్చదు. దాని బదులు రెండు పలుచని నూలు దుప్పట్లు. సెగ రాగానే పైది తోసేయాలి, చలి వేస్తే లాక్కోవాలి. కింద మా అమ్మ పాత నేతచీరలతో కుట్టిన బొంత. తలగడ పక్కన పొడి జాకెట్టు, తువ్వాలు, చెంబుతో నీళ్లు. ముఖ్యంగా, ఇద్దరికీ కలిపి ఒకే రగ్గు వద్దు, ఎవరి దుప్పటి వారిది. పులిని అన్నయ్యకు వదిలేశాం.

సెగలు ఆగలేదు. నిద్ర తిరిగి వచ్చింది.

ఎముకల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ముట్లుడిగాక రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారతీయ వైద్య పరిశోధన మండలి చెబుతోంది. 100 గ్రాముల రాగుల్లో 300కు పైనే ఉంటుంది, మిగతాది పాలు, పెరుగు, నువ్వులు. విటమిన్ డి కోసం తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిస్తే చాలదు. నడక కాళ్లకు మంచిది, సరే. కానీ మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న ఎండే అందుకు పనికొస్తుంది. డిసెంబరులో మన ఊళ్లో అది సుమారు పదకొండు నుంచి ఒంటిగంట వరకు. డాబా మీద బట్టలు ఆరేసే పని ఆ వేళకు పెట్టుకోండి.

ఇంకొక్క మాట. నెలసరి లేకుండా వరుసగా 12 నెలలు నిండితేనే ముట్లుడిగినట్టు లెక్క. ఆ తరువాత మరకంత రక్తం కనిపించినా "మళ్లీ వచ్చిందిలే" అనుకోకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంట్లో పండగ ఉన్నా సరే. ఈ లెక్క తప్పకూడదని వదిన ఆ భోగి సాయంత్రమే గోడ క్యాలెండరులో జూన్ పేజీ మూల మడిచి పెట్టుకుంది.

సెలవు.