ఆరో పీరియడ్

(పూర్వ విద్యార్థుల సమావేశంలో, పాఠశాల కంప్యూటర్ గది ప్రారంభం సందర్భంగా ఒక విశ్రాంత క్రాఫ్ట్ టీచర్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు విన్నారు, నేను మళ్లీ చదవను. నాకు ఐదు నిమిషాలన్నారు. వాటినీ మధ్యలో ఎవరైనా అడిగి తీసుకుంటారేమోనని భయం. అలవాటైన భయం లెండి.

కంప్యూటర్లు పెట్టిన ఈ గదిలో పద్నాలుగేళ్లు నేత నేర్పాను. ఆ కిటికీ కింద నాలుగు నవారు మగ్గాలు, ఈ మూల పెట్టెలో నూలు వడికే తకిలీలు, దూది ఏకులు. పక్క గదిలో డ్రాయింగ్ మాస్టారు. ఇవన్నీ ఎవరి సరదా కోసమో పెట్టినవి కావు. 1952లో వేసిన మొదలియార్ కమిషన్ హైస్కూల్ చదువును ఏడు దారులుగా చేయమంది. సైన్సు, వ్యవసాయం, కామర్సు, లలితకళలు, గృహవిజ్ఞానం, ఇలా. ఏ దారిలో వెళ్లినా ఒక చేతిపని తప్పనిసరి అంది. తర్వాత కొఠారీ కమిషన్ దాన్నే పని అనుభవం అంది. 1977 తర్వాత ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అన్నారు. పేరు మారినప్పుడల్లా రిజిస్టరు మారింది. గ్రేడు మాత్రం ఠంచనుగా పడేది, పీరియడ్ జరిగినా జరక్కపోయినా.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

తొమ్మిదో తరగతిలో ఒక కుర్రాడు. లెక్కల్లో నూటికి పదకొండు. నవారు అంచుకి ఎర్ర చార రావాలంటే నిలువు పడుగులో ఏ పోగు పక్కన ఏది ఎక్కించాలో లెక్క తప్పకూడదు. మూరెడు నేశాక, ఎడమ అంచున ఒక పోగు జరిగిందని వాడే కనిపెట్టాడు. నేను గమనించనే లేదు. ‘పోనీలేరా, మంచం మీద దుప్పటి వేస్తే ఎవరికి కనిపిస్తుంది’ అన్నాను. ‘మా అమ్మ దుప్పటి తీసి చూస్తుందండీ’ అన్నాడు. కూర్చుని అడ్డంగా నేసిన పేకంతా వెనక్కి తీశాడు. పోగు మళ్లీ ఎక్కించాడు. బెల్లు కొట్టినా లేవలేదు.

మర్నాడు ఆరో పీరియడ్‌కి గుమ్మంలో ఒక పిల్ల నిలబడింది. ‘సార్, లెక్కల సార్ మీ పీరియడ్ అడిగారండీ.’ ఇచ్చేశాను. ఆ మర్నాడూ ఇచ్చాను. దసరా సెలవులు అయ్యాక ఇక అడగడం కూడా మానేశారు, పిల్లలే నేరుగా అటు వెళ్లిపోయేవారు. లెక్కల మాస్టారు చెడ్డవారు కాదు, రోజూ ఇద్దరం కలిసే టీ తాగేవాళ్లం. పది ఫలితాల టెన్షన్ ఆయనది. నాకేం టెన్షన్? నా సబ్జెక్టులో ఎవరూ తప్పరు కదా! అందుకే ఒక్కసారీ ‘ఇవ్వను’ అనలేదు. నా పోస్టు తర్వాత భర్తీ చేయలేదని, మగ్గాలు వరండాలో వానకు నానిపోయాయని ఊరంతా తిరిగి చెప్పాను. పీరియడ్ నా చేతులతోనే ఇచ్చేశానని ఇవాళే చెబుతున్నాను.

ఇదిగో, ఆ నవారు. మూరెడున్నర ఉంది. మగ్గం తీసేసేటప్పుడు కోసి దాచాను. ఒరే, నాలుగో వరసలో కళ్లద్దాల వాడా, నీదే, వచ్చి తీసుకో. చార సరిగ్గానే వచ్చింది చూడు.

హెడ్మిస్ట్రెస్ అమ్మగారూ, లోపలికి వస్తూ టైంటేబుల్ చూశాను. శుక్రవారం ఆరో పీరియడ్ ఆర్ట్ అని రాసుంది. పిల్లలూ, మొన్న శుక్రవారం ఆ పీరియడ్‌లో ఏం గీశారు?

నవ్వకండి. చెప్పండి.