ఆక్సీమీటర్ 98 చూపించినా మాస్క్ తియ్యొద్దు

పెద్దలందరికీ నమస్కారం, వెనకాల గోడకి ఆనుకుని నించున్న కుర్రోళ్ళకి కూడా. తమ్ముడూ ఆ ఫ్యాన్ ఆపేయవా, మైకులో గుయ్యిమంటంది, సముద్రం గాలి చాల్లే మనకి. ఇందాక సోంపేటలో టీ తాగుతుంటే ఒకాయన అడిగాడు, బారువలో క్లాస్ దేనికండీ అని, స్కూబా అని, గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలో మునిగేదని చెప్తే "అది డబ్బున్నోళ్ళ ఆట కదా" అన్నాడు. ఆటే, కాదనను. కానీ ఆ డబ్బున్నోడికి నీళ్ళలో ఏదైనా అయితే పడవ మీదకి లాగేది మీరే, ఒడ్డుకి మోసేది మీరే. అందుకే అలాంటప్పుడు ఆక్సిజన్ పెట్టడం నేర్పే ఈ ట్రైనింగ్ డైవర్లతో పాటు పడవ తోలే వాళ్ళకీ, లంగరు లాగే గుంటలకీ కూడా ఇవ్వాలని పట్టుబట్టి వచ్చాను.

నా సొంత తప్పు ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కింద ఒక ఫ్రెండూ నేనూ ఒకే రోజు రెండు డైవ్‌లు చేశాం, రెండోది 24 మీటర్లు. పైకొచ్చిన గంటకి వాడు కుడి భుజం లాగుతోంది అన్నాడు, సిలిండర్ మోశావు కదరా అన్నాను నేను. ఇంకాసేపటికి వేళ్ళు తిమ్మిరి. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉంది, నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలు, కొత్త పెళ్ళికొడుకులా ఉంది, కానీ దాన్ని తిప్పే కీ లేదు. కీ ఒడ్డున ఎవరి బ్యాగులోనో ఉందట! ఒడ్డుకొచ్చి దగ్గర్లో చిన్న ఆస్పత్రికి తీసుకెళ్తే మాస్క్ పెట్టారు, ఐదు నిమిషాలకి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 98 వచ్చింది, బాగానే ఉన్నాడు కదా అని మాస్క్ తీసేశారు. నేను కూడా తలూపాను. వాళ్ళననడానికి లేదు, 2021లో కరోనా మనందరికీ నేర్పింది అదే కదా, నంబర్ పడిపోతే ఆక్సిజన్ పెట్టు, నంబర్ బాగుంటే వదిలేయ్.

డైవర్ విషయంలో ఆ లెక్క పనిచెయ్యదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మనం పీల్చే గాలిలో దగ్గర దగ్గర 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. 20 మీటర్ల లోతుకి వెళ్తే ఒంటి మీద ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి మూడింతలు, ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోకీ కండలోకీ కీళ్ళలోకీ ఇంకిపోద్ది. మెల్లిగా పైకొస్తే ఊపిరితో పాటే బయటికి పోద్ది, గబగబా వచ్చేస్తే లోపలే బుడగలు కట్టేస్తది, ఒక్కోసారి అన్నీ రూల్ ప్రకారం చేసినా కడతది. అప్పుడు ఆక్సిజన్ పెట్టేది ఆయాసానికి కాదు, నైట్రోజన్‌ని బయటికి లాగడానికి. మన ఇళ్ళల్లో ఉప్పుచేప ఎలా నానబెడతారు? మంచినీళ్ళలో వేస్తే ఉప్పు దిగుతుంది, ఉప్పునీళ్ళలోనే వేస్తే ఎంతసేపు ఉంచినా దిగదు. మామూలు గాలి ఆ ఉప్పునీళ్ళలాంటిది, దాంట్లో ముందే నైట్రోజన్ నిండా ఉంది కదా. వంద శాతం ఆక్సిజన్ అంటే మంచినీళ్ళు. పాల్ బెర్ట్ అని ఫ్రాన్స్ సైంటిస్టు, బుడగలు నైట్రోజన్‌వని 1878లోనే రాశాడు, ఆక్సిజన్ పీల్పిస్తే మేలు జరుగుతుందని కూడా అన్నాడు. మనకింకా పడవలో కీ దొరకట్లేదు.

ఇంకో రకం ఉంది, ఇది మీకు చెప్పక్కర్లేదు, లోతులోంచి వల లాగితే కొన్ని చేపలకి పొట్ట నోట్లోంచి తన్నుకొస్తది చూశారా, లోపలి గాలి ఉబ్బిపోయి. మనిషి ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తికి అదే గతి, గాలి రక్తంలో పడి మెదడుకి పోద్ది. పైకొచ్చిన కొన్ని నిమిషాల్లోనే మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు రాకపోయినా, స్పృహ తప్పినా ఇదేనేమో అనుకుని వెంటనే పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాలి, ఊపిరి ఆగితే సీపీఆర్.

ట్రైనింగ్ ఒక్క రోజు పని, సగం రోజులో కూడా అయిపోద్ది. మాస్క్ కింద వేలాడే సంచి ముందు ఉబ్బనిచ్చి అప్పుడు మొహానికి పెట్టడం, నిమిషానికి 15 లీటర్లు, అంచుల్లోంచి గాలి పోకుండా చూడటం. లెక్క కూడా నేర్పుతారు, మన ఆస్పత్రుల్లో కనపడే బి టైప్ సిలిండర్లో 1500 లీటర్లు, 15 చొప్పున వదిలితే 100 నిమిషాలు. ఇక్కడి నుంచి విశాఖకి ఎంతసేపు? మూడున్నర నాలుగు గంటలు, అంటే ఒక సిలిండర్ నరసన్నపేట దాటగానే అయిపోద్ది. అసలు వైద్యం ప్రెషర్ ఛాంబర్లో, అంటే గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే గదిలో, దానికి మనం నేవీ ఉన్న విశాఖ వైపే చూడాలి, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. 108కి చెప్పేటప్పుడే "డైవింగ్ కేసు, దారంతా ఆక్సిజన్ కావాలి" అనండి. ఎంత లోతు, ఎంతసేపు, ఎన్ని డైవ్‌లు, మాస్క్ ఎన్నింటికి పెట్టారు, ఇవి కాగితం మీద రాసి పేషెంట్ జేబులో పెట్టండి. కరోనా నాటి కాన్సంట్రేటర్లు, అదే గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్లు, చాలావరకు నిమిషానికి 5 లీటర్లే ఇస్తాయి, సరిపోవు, కానీ ఇంకేం లేకపోతే అదే పెట్టండి.

నొప్పి తగ్గిందంటే ఇంటికి పంపేయొద్దు, మళ్ళీ తిరగబెడతది. మళ్ళీ నీళ్ళలోకి దించితే పోద్దని కొందరంటారు, దించకండి, లోపల స్పృహ తప్పితే ఎవడు పట్టుకుంటాడు? ఇక మందు కొడితే ఒళ్ళు నొప్పులు పోతాయనే బావలకి నేనేం చెప్పను, ఆ సీసా మాత్రం పడవ ఎక్కకూడదు.

మా వాడు మర్నాడు ఛాంబర్‌కి చేరాడు, చాలావరకు కోలుకున్నాడు. చొక్కా గుండీలు మాత్రం ఇప్పటికీ ఎడమ చేత్తోనే పెట్టుకుంటాడు, కుడి చేతి వేళ్ళకి గుండీ తెలియదు.

సరే, ఇప్పుడు ముగ్గురు ముందుకి రండి, ఈ సిలిండర్ మీరే తిప్పాలి. ఆ బీడీ బయట ఆర్పేసి రా మావా. నువ్వు తమ్ముడూ, తలకి కొబ్బరినూనె రాసిన చేత్తోనే వస్తున్నావు, ఆక్సిజన్‌కి నూనె తగిలితే భగ్గుమంటది, వెళ్ళి సబ్బుతో కడుక్కుని రా, అందాకా ఆగుతాం.