చెస్ గేముల పుస్తకం కొనే ముందు ఒక్క పేజీ చదవండి

అందరికీ నమస్కారం. ఈ వారం బల్ల మీద నాలుగు పుస్తకాలున్నాయి. ఆన్‌లైన్‌లో చెస్ పుస్తకాలు అమ్మే ఒక షాపు వాళ్ళు ఉచితంగా పంపారు. నేను డబ్బేమీ తీసుకోలేదు. ఏం చెప్పాలో వాళ్ళూ చెప్పలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. పేజీలెన్ని, ధరెంత, ఎవరు అచ్చు వేశారు, ఇవన్నీ మీరు చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్ళను.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "మా బాబు ఏడాదిగా క్లాసుకి వెళ్తున్నాడండీ, పజిల్స్ బాగానే చేస్తాడు. గేములో మాత్రం పదో ఎత్తు దాటితే ఏం ఆడాలో తెలియట్లేదంటాడు. ఏ పుస్తకం కొనమంటారు?" మన తెలుగు గ్రాండ్‌మాస్టర్లు హంపి, హరికృష్ణ, హారిక, అర్జున్ పేర్లు విని మన ఊళ్ళలో ఎంతమంది పిల్లలు బోర్డు ముందు కూర్చుంటున్నారో చూస్తే నాకు చాలా సంతోషం. అయితే వాళ్ళ చేతికి మనం మొదట ఇచ్చేది ఓపెనింగ్ పుస్తకం, అంటే ఆట మొదలుపెట్టే ఎత్తుల పుస్తకం. అది ఆ పిల్లాడి కష్టం తీర్చదు. వాడికి కావలసింది పూర్తి గేములు, వాటి పక్కన ఒక మనిషి కూర్చుని "ఇక్కడ ఇది ఎందుకు ఆడాడో చూడు" అని చెప్పినట్టుండే వివరణ.

మొదట ఇది చూడండి. ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన 'లాజికల్ చెస్: మూవ్ బై మూవ్'. 1957 నాటిది. 33 గేములు, ప్రతి ఎత్తుకీ వివరణ. అవును, ప్రతి ఎత్తుకీ. మొదటి బంటు రెండు గళ్ళు ముందుకి వేసినా ఎందుకో చెప్తాడు. తర్వాతి గేములో మళ్ళీ అదే బంటు కదిలితే మళ్ళీ చెప్తాడు, మాటలు మార్చి చెప్తాడు. కాలేజీ రోజుల్లో మొదటిసారి చదివినప్పుడు నాకు విసుగొచ్చింది, తెలిసిన విషయమే కదా అని పేజీలు తిప్పేశాను. తర్వాత మా పక్కింటి పాపకి చెస్ నేర్పడం మొదలుపెట్టాక ఆ పునరుక్తి విలువ తెలిసింది. సెంటర్ పట్టుకోవాలి, బలగం బయటికి రావాలి అనే మాట పిల్లలకి ఒక్కసారి చెప్తే నిలవదు. పదిహేను గేముల్లో పదిహేను రకాలుగా వింటే చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది.

మొదటి గేమే చూపిస్తాను, బోర్డు దగ్గరికి తెస్తున్నాను. 1907, బెర్లిన్. ఫాన్ షేవే తెల్లపావులు, టైఖ్‌మన్ నల్లపావులు. మొత్తం 17 ఎత్తుల్లో అయిపోయింది. గళ్ళ పేర్లు తెలియనివాళ్ళకి: నిలువు వరుసలు ఏ నుంచి హెచ్ దాకా, అడ్డ వరుసలు తెల్ల వైపు నుంచి 1 నుంచి 8 దాకా. తొమ్మిదో ఎత్తులో తెల్ల అతను ఏదో ముందు జాగ్రత్త అన్నట్టు హెచ్3లో బంటు వేశాడు. పదో ఎత్తులో సెంటర్‌లో బంటు కొట్టాడు. కొట్టగానే ఏమైంది? ఇదిగో, ఏ7లో కూర్చున్న నల్ల బిషప్ చూడండి. ఇందాకటిదాకా దాని దారికి డీ4 బంటు అడ్డం. ఇప్పుడు దారి తెరుచుకుంది, ఎఫ్2 బంటు మీదుగా నేరుగా రాజు దాకా. పన్నెండో ఎత్తులో తెల్ల గుర్రం డీ2కి వచ్చి సొంత బిషప్‌కే దారి మూసేసింది. అంతే, నల్ల బిషప్ హెచ్3 బంటుని కొట్టేసింది. తెల్ల అతను ఆ బిషప్‌ని తీసుకున్నాడు. ఇప్పుడు క్వీన్ జీ3కి వచ్చి చెక్. పక్కనే ఎఫ్2లో బంటు ఉంది కదా, క్వీన్‌ని కొట్టొచ్చు కదా అనిపిస్తుంది. కొట్టలేదు! కదిలితే వెనక రాజు ఏ7 బిషప్‌కి దొరికిపోతాడు. పక్కింటి పాపకి ఇది చూపించినప్పుడు ఏ7 నుంచి జీ1 దాకా వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టింది. "బాబాయ్, ఆ బంటు ఉండీ లేనట్టే" అంది. పిన్, అంటే వెనక రాజు ఉన్నందువల్ల పావు కదల్లేకపోవడం, ఆ మాట నేను ఎన్నోసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆ వేలు కదిలాకే ఎక్కింది.

చెర్నెవ్‌తో నాకు ఒక గట్టి పేచీ ఉంది, అదీ చెప్పాలి. గెలిచినవాడు ఆడిందంతా గొప్ప, ఓడినవాడు ఆడిందంతా తప్పు అన్నట్టు రాస్తాడు. ముఖ్యంగా హెచ్3, హెచ్6 వేస్తే పాపం చేసినట్టే మాట్లాడతాడు. ఈ ఓపెనింగ్‌లోనే ఈ రోజుల్లో గ్రాండ్‌మాస్టర్లు హెచ్3 హాయిగా ఆడుతున్నారు. పైన చూపించిన గేములో అసలు కొంప ముంచింది దారి తెరవడమూ, గుర్రాన్ని అక్కడ పెట్టడమూ. ఈ సంగతి మీరు పక్కన కూర్చుని పిల్లలకి చెప్పండి. అయినా మొదటి పుస్తకం ఇదే కొనమంటాను.

ఇప్పుడు పార్శిల్‌లోని ఈ లావుపాటి కొత్త పుస్తకం. పేరు చెప్పను. పేపర్ బాగుంది, బైండింగ్ బాగుంది, బొమ్మలు పెద్దవి. ఏదో ఒక పేజీ తెరుస్తున్నాను, చూడండి. పద్దెనిమిదో ఎత్తు తర్వాత మూడో వంతు పేజీ వేరియేషన్లే, అంటే 'ఇలా ఆడితే అలా' అనే ఎత్తుల వరుసలే. బ్రాకెట్‌లో బ్రాకెట్, దానిలో ఇంకో బ్రాకెట్, చివర ఇంజిన్, అంటే చెస్ లెక్కలు వేసే కంప్యూటర్ ప్రోగ్రాం, ఇచ్చిన అంకె: ప్లస్ సున్నా పాయింట్ నాలుగు. ఎందుకు? ఏ గడి కోసం? ఏ పావు బాధపడుతోంది? ఒక్క మాట లేదు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఇంజిన్ లెక్క ఫోన్‌లో ఉచితంగా వస్తుంది. దాన్ని కాగితం మీద అచ్చేసి పిల్లల దగ్గర డబ్బులు తీసుకోవడం నాకు నచ్చదు. మంచి ఆటగాళ్ళకి ఇలాంటివి పనికొస్తాయేమో గానీ, నేర్చుకునేవాళ్ళు పది పేజీల్లో పుస్తకం మూసేస్తారు, తమకే తెలివి లేదనుకుంటారు. అది మరీ అన్యాయం.

అందుకే నా పరీక్ష ఇది. పుస్తకం మధ్యలో ఏదో ఒక గేము తెరవండి. కొట్టడం, చెక్ ఏమీ లేని ఒక ప్రశాంతమైన ఎత్తు వెతకండి. దాని కింద "ఎందుకంటే" అనే మాటకి సరిపడే వాక్యం ఉందా? ఉంటే ఆ తర్వాతి ఎత్తులని ఒక పోస్టుకార్డుతో మూసి, మీరేం ఆడతారో ఆలోచించి, మెల్లగా కిందికి జరపండి. అలా ఒక పేజీ చదవాలనిపిస్తే కొనండి.

పాత కాపీలు చవగ్గా దొరికితే ఎత్తులు రాసే పద్ధతి కూడా చూసుకోండి. ఈ4 అని ఉండాల్సిన చోట పి-కె4 అని ఉంటే అది పాత పద్ధతి, తెల్ల నల్ల ఎవరి వైపు నుంచి వాళ్ళు గళ్ళు లెక్కపెట్టుకునేది. ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 60 గేముల పుస్తకం 1969లో అలాగే వచ్చింది. అందులో ఫిషర్ తను ఓడిన మూడు గేములు కూడా పెట్టుకున్నాడు, అందుకే నాకు ఆ పుస్తకమంటే గౌరవం. కొత్త పద్ధతిలో 1995లో ఒక ఎడిషన్ వచ్చింది గానీ మూలంలో మాటలు మార్చారని పెద్ద గొడవ అయింది, ఫిషరే మండిపడ్డాడు. 2008 ఎడిషన్‌లో అసలు మాటలే ఉన్నాయి, అది తీసుకోండి.

ఇక నా ప్రాణం ఇది. 1953లో జ్యూరిక్‌లో జరిగిన టోర్నమెంట్ మీద డేవిడ్ బ్రాన్‌స్టీన్ రాసిన పుస్తకం. కొత్త కాపీ పక్కన నా పాత కాపీ పెడుతున్నాను చూడండి, అట్ట ఊడిపోయి టేపు వేసి ఉంది. 15 మంది, ప్రతి ఒక్కరూ మిగతా వాళ్ళతో రెండేసి గేములు, మొత్తం 210. స్మిస్లోవ్ గెలిచాడు. బ్రాన్‌స్టీన్ రెండు పాయింట్లు వెనక, కెరెస్, రెషెవ్‌స్కీలతో సమానంగా రెండో స్థానం. ఆ టోర్నమెంట్ ఆడిన మనిషే 210 గేములకీ వివరణ రాశాడు, తను ఓడినవి కూడా. వేరియేషన్లు తక్కువ, ఆలోచన ఎక్కువ. కొన్ని గేముల్లో ఆగి, నల్ల గళ్ళు బలహీనం అంటే అసలు అర్థమేమిటి అని పాఠంలా మాట్లాడతాడు. అవెర్‌బాఖ్ మీద కోటోవ్ ఆడిన గేము తెరవండి. కోటోవ్ 30వ ఎత్తులో ఒక బంటు కోసం క్వీన్‌ని ఇచ్చేసి, తెల్ల రాజుని ఎఫ్5 దాకా లాక్కొచ్చాడు. అక్కడి నుంచి గేము 51వ ఎత్తు దాకా సాగింది. ఇది మొదటి పుస్తకం కాదు, చెర్నెవ్ పూర్తయ్యాక ఏడాది ఆగి ఇవ్వండి. ఒక్కసారి అలవాటు పడితే వదలరు.

చివరిది ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ తాల్ తన జీవితం, గేముల గురించి రాసుకున్న పుస్తకం. తననే తను ఇంటర్వ్యూ చేసుకున్నట్టు, విలేకరికీ ఆటగాడికీ మధ్య సంభాషణగా రాశాడు. వస్యుకోవ్‌తో గేములో గుర్రాన్ని బలి ఇవ్వాలా వద్దా అని లెక్కలేస్తూ చిక్కుకుపోయాడట. ఉన్నట్టుండి పిల్లల కవితలో నీటిగుర్రం గుర్తొచ్చింది, దాన్ని బురదలోంచి ఎలా లాగాలి అని జాకీలు, హెలికాప్టర్లు, తాళ్ళ నిచ్చెనలు ఊహించాడు. చివరికి మునిగితే మునగనీ అనుకోగానే నీటిగుర్రం మాయం, బోర్డు స్పష్టం. గుర్రాన్ని ఇచ్చేశాడు. మర్నాడు పేపర్లో నలభై నిమిషాలు ఆలోచించి కచ్చితంగా లెక్కగట్టి బలి ఇచ్చాడని వచ్చిందట. ఏ ఇంజిన్ రాస్తుంది ఈ మాట?

పార్శిల్‌లో వచ్చిన చెర్నెవ్ కాపీ పక్కింటి పాపకి ఇస్తున్నాను. మొదటి గేముని బోర్డు మీద పన్నెండో ఎత్తు దాకా పెట్టి ఉంచాను, పేజీలో పోస్టుకార్డు కూడా పెట్టాను. ఈసారి తను నల్లపావుల వైపు కూర్చుంటానంది.