పిడుదు నలిపిన వేలు

హోస్ట్: నమస్కారం. మాది ఉదయగిరి వైపు. ఇంట్లో జొడిపి గొర్రెలు ఉన్నాయి, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుంటాయే, అవి. పొద్దున్నే మా నాయన దొడ్లో కూర్చుని వాటి చెవుల్లో పిడుదులు పీకి, రాతి మీద గోటితో చిదిమేస్తాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఎప్పుడూ తప్పనిపించలేదు. మా పశువుల డాక్టరమ్మ గారితో ఈ మాటంటే ఉలిక్కిపడ్డారు. ఎందుకు మేడం?

డాక్టర్: వట్టి చేత్తో పీకడమే ప్రమాదం బాబూ, చిదమడం ఇంకా ప్రమాదం. కొన్ని రకాల పిడుదుల్లో క్రిమియన్ కాంగో జ్వరం వైరస్ ఉంటుంది. వేలి మీద చిన్న గాటు ఉన్నా చాలు, లోపలికి పోతుంది. మన దేశంలో ఇది మొదటిసారి బయటపడింది 2011 జనవరిలో, గుజరాత్‌లో. జబ్బుపడిన ఆమె చనిపోయింది. ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా పోయారు. పుణెలో జాతీయ వైరాలజీ సంస్థ పరీక్ష చేశాకే జబ్బు పేరు తెలిసింది.

హోస్ట్: మరి గొర్రెలకు ఏమీ కాదా?

డాక్టర్: నా బాధంతా అదే. వారం పాటు వైరస్ దాని రక్తంలో తిరుగుతున్నా గొర్రె మామూలుగానే మేస్తుంది. క్యాసనూరు అడవి జ్వరం కూడా పిడుదుల వల్ల వచ్చేదే, కానీ దాని సంగతి వేరు. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చి పడుతుంటే జనానికి అనుమానం వచ్చింది. ఇప్పటికీ ఆ అడవుల్లో చచ్చిన కోతి కనిపిస్తే కబురు పెట్టమంటారు. మన మందల్లో అలా ముందే చెప్పే జీవి లేదు, మనమే వెతుక్కోవాలి.

హోస్ట్: ఎలా వెతుకుతారు?

డాక్టర్: పిడుదులు ఏరి ల్యాబుకు పంపుతారు. గొర్రెల రక్తం కూడా తీస్తారు. అందులో యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలు ఉంటే ఆ వైరస్ ఎప్పుడో ఆ మందను తాకిపోయిందని అర్థం. 2013-14లో 22 రాష్ట్రాల్లో పశువుల రక్తం ఇలాగే పరీక్షిస్తే గుజరాత్ బయట కూడా ఆనవాళ్లు దొరికాయి. కానీ ఎన్ని గొర్రెల రక్తం తీసినా, జ్వరంతో వచ్చిన కాపరిని ఆస్పత్రిలో "పిడుదు కుట్టిందా? ఈమధ్య గొర్రెను కోశావా?" అని అడక్కపోతే ఆ పని సగంలోనే ఆగిపోతుంది. ఈ జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కానీ అవి తగ్గాయంటే ముందు డెంగ్యూనే గుర్తొస్తుంది మరి.

హోస్ట్: మా నాయనకి ఏం చెప్పమంటారు?

డాక్టర్: గ్లౌజులు వేసుకుని, చిన్న పట్టుకారుతో చర్మానికి దగ్గరగా పట్టి మెల్లగా లాగమనండి. లాగినవి స్పిరిట్ సీసాలో వేసి మూత పెట్టాలి. ఆ తర్వాత రెండు వారాల్లోపు జ్వరం వస్తే, ఎవరూ అడక్కపోయినా డాక్టరుకి తనే చెప్పాలి, "అయ్యా, నేను గొర్రెలు కాస్తాను" అని.

హోస్ట్: సాయంత్రం ఇంటికి పోతూ సీసా, గ్లౌజులు నేనే తీసుకెళ్తాను మేడం.