800 గినీలకి మా పొట్టేలు | ఇంగ్లండ్ వేలం వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పోయిన వీడియో చూసి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "గొర్రెల్ని చూపించావు సరే, పొట్టేళ్లని ఎట్టా అమ్ముతార్రా అక్కడ?" అని. పెద్దమ్మా, ఇది నీ కోసమే.

మేముండేది ఇంగ్లండ్ ఉత్తరాన, కంబ్రియాలో. మాకు పద్దెనిమిది టెక్సెల్ గొర్రెలున్నాయి. టెక్సెల్ నెదర్లాండ్స్‌లో ఒక దీవి, ఈ జాతి అక్కడిదే. తెల్లటి మొహం, నల్లటి ముక్కు, తొడల నిండా కండ. ఈ ఏడు రెండు పళ్లు వేసిన, అంటే ఏడాది దాటిన పొట్టేళ్లు రెండింటిని అమ్మకానికి తెచ్చాం.

రాత్రి పదకొండు దాకా వాటి మొహాలు కడుగుతూనే ఉన్నాను. ఇక్కడ అమ్మకం ముందు ఉన్నికి లేత బంగారు రంగు పట్టిస్తారు. మొహానికి, కాళ్లకి మాత్రం ఆ రంగు అంటకూడదు, అవి తెల్లగా మెరవాలి.

పొద్దున మార్కెట్‌లో ఒక పెద్దాయన మా పెద్ద పొట్టేలు దగ్గరికొచ్చి పెదవి ఎత్తి చూశాడు. కింది పళ్లు పై చిగురుకి సరిగ్గా ఆనాలి, లేకపోతే గడ్డి కొరకలేదు. తర్వాత వంగి బీజాలు రెండూ నొక్కి చూశాడు, సమానంగా, గట్టిగా ఉన్నాయా అని. ఆఖర్న గిట్టలు. మాచర్ల సంతలో మా నాన్న పట్టి చూసే పద్ధతి అచ్చం ఇదే. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది నాకు.

ఇక వేలం. నాకు భలే నచ్చేది ఇక్కడే. దేశమంతా పౌన్లు వాడుతుంటే, జాతి పొట్టేళ్లకి మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ గినీల్లో పాడతారు! గినీ నాణెం పోయి రెండొందల ఏళ్లు దాటింది. గినీ అంటే ఒక పౌను ఐదు పెన్నీలు. మా పెద్దది 800 గినీలకి ఆ పెద్దాయనకే పోయింది. అంటే 840 పౌన్లు, మన డబ్బుల్లో దాదాపు లక్ష. వేలం కమిషన్ అందులోంచే పోతుంది.

అన్నట్టు, 2020లో స్కాట్లండ్‌లోని లానార్క్‌లో డబుల్ డైమండ్ అనే టెక్సెల్ పిల్ల 3,50,000 గినీలు పలికింది. అప్పటి లెక్కన మూడున్నర కోట్లు! దాని వయసు ఆరు నెలలే. ఈ మాట చెబితే నాన్న ఇప్పటికీ నమ్మడు.

రెండోదానికి పాట 350 దగ్గరే ఆగింది. ఇంత పెంచి ఆ ధరకి ఇవ్వబుద్ధి కాలేదు, వెనక్కి తెచ్చేశాను.

బేరం అయ్యాక ఆ పెద్దాయన చేతిలో ఇరవై పౌన్లు పెట్టాను. దీన్ని 'లక్ మనీ' అంటారు, కొన్నవాడికి కలిసిరావాలని అమ్మినవాడు తిరిగిచ్చేది. ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, దీన్ని నవంబర్ 5న మందలో వదులుతానన్నాడు. గొర్రె చూలు 147 రోజులు కదా, ఏప్రిల్ 1కి పిల్లలు మొదలవుతాయి.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. ధర అడగలేదు. "తీసుకున్నాయన మంచోడేనా? మేత బాగుందా అక్కడ?" అన్నాడు. పిల్లలు పుట్టగానే ఫోటోలు పంపుతానన్నాడు పెద్దాయన. రాగానే చూపిస్తాను. ఉంటానండీ.